సంతకానికి ఇరవై పౌన్లు

స్కన్‌థార్ప్ ఊళ్లో, నేల మీద
బ్యాడ్మింటన్ గీతలు చెరగని ఆటల హాల్లో
మాది పద్నాలుగో బల్ల.
టాయిలెట్లకు దారి చూపే బాణం కింద.
నిజానికి అందుకే మా ముందు జనం కాస్త ఆగుతారు.

డబ్బు పుచ్చుకునేది నేను.
ధరల అట్ట రాసిందీ నేనే:
సంతకానికి ఇరవై పౌన్లు, పక్కన నిలబడి ఫోటోకి పాతిక,
రెండూ కలిపి నలభై.
కరచాలనం ఉచితం అని కూడా రాయబోతే
క్లిఫర్డ్ వద్దన్నాడు.
"ఉచితం అని రాశావంటే
దానికీ ఒక వెల ఉందని గుర్తుచేసినట్టే."

క్లిఫర్డ్ ట్రాన్‌మర్, డెబ్బై తొమ్మిదేళ్లు.
నలభై ఏళ్ల కిందట టీవీలో ఏడు వారాలు
బురదగ్రహం కాపలావాడు.
రబ్బరు తల, మెడకి రెండు వైపులా ఉబ్బిన మొప్పలు,
మాటల్లేవు, ఒక్క బుస.
ఆ బుస కూడా వేరే ఎవరిదో.
అందుకే జనం ఫోటోనీ ఆయన్నీ
మార్చి మార్చి చూస్తారు,
పుచ్చుందేమోనని వంకాయ తిప్పి చూసినట్టు.
ఆయన నవ్వుతాడు. పెన్ను మూత పంటితో తీస్తాడు.

అవతలి బల్ల దగ్గర అసలు హీరో.
తాళ్లు కట్టిన వరస, తొంభై పౌన్లు,
తలెత్తకుండా సంతకం.
మా వైపు కెటిల్ ఉంది. బిస్కెట్లున్నాయి.

మూడింటికి వచ్చాడు నెవిల్ అవుత్‌వెయిట్.
బస్సు డిపోలో మెకానిక్‌నని తనే చెప్పుకున్నాడు,
గోళ్ల కింది నలుపుకి సంజాయిషీలా.
నలభై లెక్కపెట్టి ఇచ్చాడు, సగం నాణేలే.
కోటు లోపల్నుంచి ఒక కవరు,
అందులో ఇంకో కవరు,
అందులో అరచేతి పాటి ఫోటో.

"తొమ్మిదేళ్లప్పుడు గవదబిళ్లలతో మంచం పట్టాను.
నా మెడా మీ మెడా ఒకేలా ఉన్నాయని
ఉత్తరం రాశాను. మీరు జవాబిచ్చారు."

ఫోటో మీద నీలిసిరా:
నెవిల్‌కి, మన ఇద్దరి మొప్పలూ త్వరలో తగ్గుగాక.
కింద సంతకం.

క్లిఫర్డ్ కళ్లద్దాలు తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.
వెనక ఇద్దరు నిలబడ్డారు, నా కళ్లు వాళ్ల మీద.
"ఇది నేను రాయలేదబ్బాయ్."

యాభై ఏళ్ల మనిషి ముఖంలో
తొమ్మిదేళ్లవాడు ఒక్క క్షణం కనిపించి దాక్కున్నాడు.

"మా ఆవిడ రాసింది. ఐలీన్.
షూటింగు నుంచొచ్చి నేను పడి నిద్రపోతే
వంటింటి బల్ల దగ్గర కూర్చుని
సంచెడు ఉత్తరాలకి తనే జవాబులు.
నా పేరు నాకంటే బాగా రాసేది.
చూడు, చివరి అక్షరానికి ఆ తోక.
అది నాకు ఇప్పటికీ రాదు."

పోయి ఆరేళ్లట.
ఇంట్లో ఆమె చేతిరాత మిగిలింది ఒక్కచోటే,
ఫ్రీజర్లో డబ్బా మీద: బఠాణీ సూప్.

పర్సు తీశాడు. "ఎంతకిస్తావు?"

నెవిల్ ఎందుకో మా ధరల అట్ట వైపు చూశాడు.
"అమ్మనండీ."
కటువుగా కాదు,
ఆఖరి బస్సు వెళ్లిపోయిందని చెప్పినట్టు.
కాసేపాగి, "కానీ దాన్ని పట్టుకుని ఫోటో దిగొచ్చు.
పాతిక."

ముందు నవ్వింది నేనే. తర్వాత వాళ్లు.
క్లిఫర్డ్ బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు, మోకాళ్లు మెల్లగా.
ఫోటోని గుండెకి ఆనించలేదు, ఏమీ చేయలేదు,
తడి పెయింటులా అంచులతో పట్టుకున్నాడు.
నేనే తీశాను. కళ్లు మూసుకున్నాడని రెండోసారీ తీశాను.

సంతకం మాత్రం దాని మీద పెట్టనన్నాడు.
"నేను రాస్తే ఇది నకిలీ అయిపోతుంది."
కొత్త ఫోటో మీద రాశాడు.
తోక కోసం ప్రయత్నించాడు, ఎండ్రకాయ కాలులా వచ్చింది.

పాతిక పౌన్లు నెవిల్ ఎంతకీ తీసుకోలేదు.
క్లిఫర్డ్ తిరిగి జేబులో వేసుకోనూ లేదు.
చివరికి నా పెట్టెలో పడ్డాయి.

చిట్టాలో రాశాను:
అవుత్‌వెయిట్, నలభై.
ట్రాన్‌మర్, ఫోటో ఒకటి, పాతిక.
అలవాటు కొద్దీ నా పదిహేను శాతం లెక్కకట్టి
కొట్టేశాను. మొదటి పద్దు మీద మాత్రం తీసుకున్నాను.

వరసలో తర్వాతి ఆవిడ ముందుకొచ్చి
టాయిలెట్లు ఎటని అడిగింది.